పచ్చని చెట్టు పాము ముందు ఐదు వస్తువుల కిట్

దక్షిణాఫ్రికా తూర్పు తీరంలో పాములు పట్టేవాళ్ళు మొదట కొనే కిట్‌లో మామూలుగా ఐదు రకాల సరుకు ఉంటుంది: ఒక కొక్కెం కర్ర, ఒక పట్టకారు, రెండు మూడు పారదర్శక గొట్టాలు, ఒక గుడ్డ సంచి, ఒక కళ్ళజోడు. తయారుచేసేవాళ్ళు మారితే పిడి రంగు మారుతుంది, సరుకు మాత్రం ఇంచుమించు అదే. అందుకని ఈ సమీక్ష ఏ ఒక్క కంపెనీదీ కాదు, ఆ రకం కిట్ మొత్తానిది. అదీ ఒక్క పని విషయంలోనే: తోటలో, ఇంటి చూరులో, కారు బానెట్ కింద కనిపించే పచ్చని చెట్టు పాము దగ్గర ఇది ఎంతవరకు అక్కరకొస్తుంది?

పఫ్ ఆడర్ లాంటి నేల పాముకైతే ఈ కిట్‌కి పెద్దగా వంక పెట్టలేం. లావుగా, బరువుగా, పడ్డచోటే పడి ఉండే పామును మనసులో పెట్టుకుని చేసిన సరంజామా ఇది. చెట్టు పాము వొళ్ళు వేరు, నడక వేరు, తప్పించుకునే దారి వేరు. అక్కడే కిట్‌లో సగం వస్తువులు తెల్లముఖం వేస్తాయి.

ముందే ఒక మాట. దక్షిణాఫ్రికాలో అడవి పామును పట్టడానికీ, తరలించడానికీ, దగ్గర ఉంచుకోవడానికీ ప్రావిన్స్‌ను బట్టి అనుమతి పత్రం కావాలి. శిక్షణ లేనివాళ్ళకి కింద రాసినదాంట్లో పనికొచ్చేది గుర్తుపట్టే భాగమే. మిగతాది పని నేర్చుకున్నవాళ్ళు సరుకు ఎంచుకోవడానికి.

కిట్‌లో లేని వస్తువుతో మొదలుపెట్టాలి. అది బైనాక్యులర్. 8×42 రకం (ఎనిమిది రెట్లు దగ్గరగా చూపేది, ముందు అద్దం 42 మిల్లీమీటర్లది) చాలు, కాకపోతే రెండు మూడు మీటర్ల దూరంలో ఉన్నది కూడా స్పష్టంగా కనిపించేది చూసుకోవాలి. దూరపు పక్షుల కోసమే చేసిన కొన్ని ఐదు మీటర్ల లోపు మసకబారతాయి, తోటలో అవి దండగ. పట్టకారు కంటే ముందు దీనికి డబ్బు పెట్టాలి. ఎందుకంటే తూర్పు తీరపు ప్రావిన్స్ క్వాజులు-నాటాల్‌లో పచ్చని పాము అంటే మూడు వేరు వేరు కథలు. ఒకటి బూమ్‌స్లాంగ్, ఆఫ్రికాన్స్ భాషలో ఆ పేరుకి అర్థం చెట్టు పాము అనే. రెండోది గ్రీన్ మాంబా. మూడోది బుష్ స్నేక్, దాని దగ్గరి బంధువులైన గ్రీన్ స్నేక్‌లు. వీటికి విషం లేదు. మొదటి రెండిటి కాటుకీ మనిషి చనిపోవచ్చు, కానీ రెండు విషాలూ ఒకటి కాదు, రెండిటి విరుగుడు మందులూ ఒకటి కాదు. కాబట్టి చెయ్యి చాచకముందే అదేమిటో తేలాలి.

చూడాల్సింది రంగు కాదు, తల. బూమ్‌స్లాంగ్ తల పొట్టిగా, గుడ్డులా గుండ్రంగా ఉంటుంది. అంత చిన్న తలకి అంత కన్నెందుకు అనిపించేటంత పెద్ద కన్ను. మాంబా తల సన్నగా పొడుగ్గా, శవపేటిక ఆకారంలో ఉంటుంది. కన్ను మరీ పెద్దది కాదు, నోటి గీత పాము నవ్వుతున్నట్టు వంపు తిరుగుతుంది. తర్వాత పొలుసులు చూడాలి. బూమ్‌స్లాంగ్ వీపు మీద ప్రతి పొలుసు నడుమా నిలువునా ఒక గట్టు ఉంటుంది, అందుకే వొళ్ళు గరుగ్గా, మెరుపు లేకుండా కనిపిస్తుంది. మాంబా పొలుసులు నున్నన, ఎండ పడితే నూనె రాసినట్టు మెరుస్తుంది. మచ్చల బుష్ స్నేక్‌కి ముందు సగం మీద నల్లటి మచ్చలు, వెనక్కి వెళ్ళేకొద్దీ కంచు ఛాయ, కంటి చుట్టూ బంగారు రంగు వలయం. నాలుక బయటపెడితే నీలంగా ఉంటుంది, కొస మాత్రం నల్లన. సాధారణంగా మీటరుకి అటూ ఇటూ పొడవు, వేలంత లావు.

రంగును నమ్ముకుంటే దెబ్బతినేది బూమ్‌స్లాంగ్ దగ్గర. మగవి పచ్చగా ఉంటే ఆడవి చాలావరకు గోధుమ రంగులో ఉంటాయి. దేశం నైరుతి మూలనున్న వెస్టర్న్ కేప్ వైపు మగవి పైన నల్లగా, పొట్ట పసుపుగా ఉంటాయి. పిల్లలైతే ఆడా మగా తేడా లేకుండా ఎండు పుల్లలా బూడిద రంగు, గొంతు దగ్గర పసుపు, మరకత పచ్చని కళ్ళు. పెద్దవయ్యేదాకా ఆ వేషం మారదు. కాబట్టి "పచ్చగా లేదు, బూమ్‌స్లాంగ్ కాదు" అన్న తీర్పు "పచ్చగా ఉంది, మాంబానే" అన్న తీర్పంత తప్పు.

ప్రాంతం కూడా ఒక సాక్ష్యమే. దక్షిణాఫ్రికాలో గ్రీన్ మాంబా ఉండేది క్వాజులు-నాటాల్ తీర అడవుల సన్నటి పట్టీలోనూ, దానికి ఆనుకుని ఈస్టర్న్ కేప్ ఉత్తరపు కొసలోనూ. అక్కణ్ణుంచి పైకి మొజాంబిక్, టాంజానియా, కెన్యా తీరాల దాకా ఉంది. జొహానెస్‌బర్గ్ తోటలో గ్రీన్ మాంబా కనిపించిందంటే, అది ఎవరి పెంపకంలోంచో తప్పించుకున్నదైనా అవ్వాలి, అసలు మాంబా కాకుండానైనా ఉండాలి. రెండోదే ఎక్కువ. బూమ్‌స్లాంగ్‌కి ఈ హద్దు లేదు. సహారాకి దక్షిణంగా దట్టమైన వర్షారణ్యం, ఎడారి తప్ప చాలాచోట్ల ఉంటుంది.

మెడ ఉబ్బించడం చూసి బూమ్‌స్లాంగ్ అని తేల్చేసేవాళ్ళున్నారు. బుష్ స్నేక్ కూడా ఉబ్బిస్తుంది. ఉబ్బినప్పుడు పొలుసుల మధ్య లేత నీలం చర్మం బయటపడి మరీ భయంకరంగా కనిపిస్తుంది, పాపం దానికున్న ఆయుధం అంతే. గ్రీన్ మాంబా ఈ హడావిడి చెయ్యదు. చుట్టూ మనుషులు కేకలు పెడుతున్నా ఆకుల్లో కదలకుండా ఉండి, సందు దొరకగానే జారుకుంటుంది.

పాము కనిపించకుండా కుబుసం మాత్రమే దొరికితే పని ఇంకా తేలిక. వీపు పొలుసుల మీద గట్లుంటే బూమ్‌స్లాంగ్ అన్న అనుమానం మొదలవ్వాలి. నడుము దగ్గర అడ్డంగా లెక్కపెడితే 19 వరసలు వస్తాయి. నున్నగా ఉండి 15 వరసలే వస్తే బుష్ స్నేక్ కుటుంబం. పొట్ట పలకల రెండు అంచుల్లోనూ మడత పెట్టినట్టు గట్టుంటే ఇంకా ఖాయం. మాంబాకీ 19 దగ్గరే వస్తాయి కానీ నున్నగా ఉంటాయి. దాని తల కుబుసంలో, ముక్కు పక్క పొలుసుకీ కంటి ముందు పొలుసుకీ మధ్య మిగతా రెండిటికీ ఉండే చిన్న పొలుసు ఉండదు. నాగుల కుటుంబం అంతటికీ అదే గుర్తు. దీనికి పది రెట్ల భూతద్దం చాలు.

చిత్రమేమిటంటే బూమ్‌స్లాంగ్‌కి 1828లో, మచ్చల బుష్ స్నేక్‌కి 1840లో, గ్రీన్ మాంబాకి 1849లో శాస్త్రీయ నామం పెట్టింది ఒక్కరే, ఆండ్రూ స్మిత్ అనే సైనిక వైద్యుడు. ఆయన విడదీసి పెట్టిన మూడింటినీ జనం ఇప్పటికీ కలిపేస్తూనే ఉన్నారు.

ఇక కిట్. కొక్కెం కర్రకి ఐదుకి నాలుగు మార్కులు. ఇది చెట్టు పాము స్వభావానికి ఎదురెళ్ళదు, ఒదిగిపోతుంది. వేగంగా పాకే నేల పాము కొక్కెం మీద నిలవక జారిపోతుంది. కొమ్మల మీద బతికే పాముకి కొక్కెం అంటే ఇంకో కొమ్మ. నడుము కింద మెల్లగా పెట్టి ఎత్తితే చాలాసార్లు దానంతట అదే ఒక చుట్టు వేసుకుని కూర్చుంటుంది. కాకపోతే కిట్‌తో వచ్చే కొక్కెం లావైన పాముల కోసం చేసింది. పెద్ద బూమ్‌స్లాంగ్ కూడా అర కిలోకి అటూ ఇటూ మాత్రమే తూగుతుంది. దానికి బరువైన కర్ర అక్కర్లేదు, పైగా పది నిమిషాలు చెయ్యి చాచి పట్టుకుంటే మణికట్టు వణుకుతుంది, ఆ వణుకు కొసకి పాకి పామును బెదరగొడుతుంది. 1 నుంచి 1.2 మీటర్ల అల్యూమినియం లేదా ఫైబర్ కర్ర, 6 నుంచి 8 మిల్లీమీటర్ల గుండ్రటి ఉక్కు కొక్కెం, నోరు ఓ 8 సెంటీమీటర్ల వెడల్పు: ఇది సరిపోయే కొలత. కొక్కెం కొన మొద్దుగా, పక్కకి తిరిగి ఉండాలి. మొనదేలిన కొన పొట్ట పలకల కింద దూరుతుంది.

రెండు లోపాలు. ఒకటి, ఒకదాంట్లోకి ఒకటి ముడుచుకునే కర్రలు. కారులో పెట్టుకోవడానికి బాగుంటాయి, కానీ బిగింపు వదులై పాముతో సహా లోపలికి జారతాయి. అంటే పాము మీ చేతి వైపు జారుతుందన్నమాట. బిగింపు మర ఉన్న రకం ఏదైనా చెట్టు పనికి వద్దు. రెండోది కిట్ తప్పు, పాముది కాదు: కొక్కెం ఒక్కటే ఇస్తారు. చెట్టు పాముకి రెండు కావాలి. ఒకదాని మీద ఎక్కినది పిడి వైపు పరుగు తీస్తే రెండోదాన్ని దాని గడ్డం ముందుకి తెచ్చి దారి మళ్ళించాలి, మళ్ళీ మొదటిదాన్ని. మెట్లెక్కుతున్నట్టు అది పాకుతూనే ఉంటుంది, ఉన్నచోటే ఉంటుంది. ఒక్క కొక్కెంతో ఈ పని సాగదు. విడిగా ఇంకోటి కొనాల్సిందే, అదీ అదే పొడవుది.

పట్టకారుకి రెండు మార్కులు, అవీ మాంబా ముఖం చూసి. ఎక్కువ డబ్బు పెట్టేది దీనికే, ఎక్కువ పాములు పాడయ్యేదీ దీనివల్లే.

మొదటి చిక్కు దవడల్లో ఉంది. వెడల్పాటి "మెత్తటి" దవడలు పూర్తిగా మూసుకోవు. మధ్యలో ఒక సెంటీమీటరు, ఒక్కోదాంట్లో ఇంకా ఎక్కువే ఖాళీ ఉండిపోతుంది. లావు పాముకి అది మేలు, నలగదు. వేలంత లావు పాము ఆ సందులోంచి దారంలా జారిపోతుంది. జారిపోతోందని ఇంకా గట్టిగా నొక్కితే, ఈసారి సందు లేని మూల దగ్గర, మర దగ్గర, పక్కటెముకలు నలుగుతాయి. బయటికి గాయమేమీ కనిపించదు. వదిలేశాక కొన్నాళ్ళకి ఎక్కడో చస్తుంది, పట్టినవాడికి తెలియను కూడా తెలియదు. పామూ చావకూడదు, కర్రా విరగకూడదు అన్న మాట అక్షరాలా పాటించాల్సిన పని ఇది. ఈ పట్టకారు రెండో సగమే పాటిస్తుంది.

రెండో చిక్కు పట్టే చోటు. నేల పాముని పట్టే అలవాటు ఉన్న చెయ్యి తల వెనక జానెడు దూరంలో పడుతుంది. నిలువుగా ఎక్కే పాముల్లో గుండె తలకి దగ్గరగా ఉంటుంది, పైకి పాకుతున్నప్పుడు మెదడుకి రక్తం అందాలి కాబట్టి. సరిగ్గా అక్కడ నొక్కితే గుండె మీద నొక్కినట్టే. పొడవులో మూడో వంతు దాటాక, నడుముకి కొంచెం ముందు పట్టుకుని, వెనక భాగాన్ని కొక్కెం మీద ఆనించాలి. బరువంతా దవడల మీద వేలాడకూడదు.

దవడలకి పైపుల మీద తొడిగే మెత్తటి ఫోమ్ చుడితే సందు తగ్గుతుంది, వొత్తిడి పరుచుకుంటుంది. సైకిల్ ట్యూబ్ రబ్బరు చుట్టేవాళ్ళు ఎక్కువ. అది పొలుసులని పట్టేస్తుంది, పాము మెలి తిరిగినప్పుడు చర్మం లేస్తుంది. చుట్టాక పరీక్ష సులువు: మీ చిటికెన వేలు దవడల్లో పెట్టి, పాముని పట్టేటంత గట్టిగా నొక్కండి. మీకు నొప్పెడితే దానికి ఎముక విరుగుతుంది.

పొడవు విషయంలో 1 మీటరుదే నయం. చెట్టు పాము కదా అని 1.5 మీటర్లది కొనబుద్ధి అవుతుంది. పొడుగయ్యేకొద్దీ కొస కిందికి వాలుతుంది, పిడి దగ్గర ఎంత నొక్కితే దవడ దగ్గర ఎంత పడుతోందో చేతికి తెలియదు. తీగతో లాగే రకం కంటే లోపల ఊచ ఉన్న రకానికి ఈ స్పర్శ బాగా తెలుస్తుంది. తీగ రకంలో పిడి దగ్గర వంపులో పోగులు ఒక్కొక్కటే తెగుతాయి, తెగిన పోగు అరచేతికి గుచ్చుకునేదాకా తెలియదు. అలా తెలిసిన రోజే మార్చెయ్యాలి. తీరప్రాంతపు ఉప్పుగాలికి దవడ మేకు తుప్పు పట్టి సగంలో ఆగిపోతుంది. నెలకోసారి విప్పి తుడిచి నూనె వెయ్యాలి.

మరి రెండు మార్కులైనా ఎందుకు? గ్రీన్ మాంబా పెద్దది 1.8 మీటర్ల దాకా, అంతకు మించి కూడా ఉంటుంది. కోరలు నోటి ముందే ఉంటాయి. ఇంటి లోపల, పట్టు లేని నున్నటి నేల మీద, కొక్కెం మీద నిలవకుండా పరుగెత్తే దాన్ని ఆపడానికి ఫోమ్ చుట్టిన పట్టకారు తప్ప దారి లేదు. బూమ్‌స్లాంగ్‌కి ఇది ఆఖరి అస్త్రంగానే వాడాలి. బుష్ స్నేక్‌కి అసలు తియ్యనే కూడదు, గోటితో పోయేదానికి గొడ్డలి అవుతుంది. పొట్ట అంచుల గట్లతో గరుకు ఇటుక గోడ మీద కూడా నిలువునా పాకి బల్లుల కోసం చూరులోకి వచ్చేది అదే. తెలిసిన చేతికి చేతితోనే అందుతుంది. అందకపోతే కిటికీ తెరిచి, గది దీపం ఆర్పి, వెలుతురు బయటివైపే ఉండేలా చేసి వదిలేస్తే వచ్చిన దారినే పోతుంది.

తోక పట్టుకోవడం గురించి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే పట్టకారు జారినప్పుడు అందరి చెయ్యీ తోక మీదికే వెళ్తుంది. బుష్ స్నేక్ పొడవులో దాదాపు మూడో వంతు తోకే. ఈ పాములు తోక పట్టుకుని వేలాడదీస్తే తాడులా వేలాడవు. కొమ్మకీ కొమ్మకీ మధ్య ఖాళీలో వొంటి ముందు భాగాన్ని కర్రలా చాచి నిలిపే కండరాలు వాటివి. తన వొంటి మీదుగానే పైకి పాకి చేతి దాకా వచ్చేస్తాయి.

పారదర్శక గొట్టాలకి మూడున్నర. గాయం చూడ్డానికి, లింగం తేల్చడానికి, కొలతలు తియ్యడానికి ఇంతకంటే భద్రమైనది లేదు. సూత్రం ఒక్కటే: పాము లోపలికి వెళ్ళాలి, వెనక్కి తిరగకూడదు. అంటే లోపలి వెడల్పు పాము లావు కంటే కొంచెం ఎక్కువ ఉండాలి, రెట్టింపుకి చేరకూడదు. మూడో వంతు లోపలికి వెళ్ళాక గొట్టం అంచునీ పాము వొంటినీ ఒకే పిడికిట్లో కలిపి పట్టుకోవాలి. ఇక్కడ కిట్ పప్పులో కాలేసేది కొలతల్లో. లావు పాములకని 4, 5, 6 సెంటీమీటర్లవి ఇస్తే బూమ్‌స్లాంగ్ అందులో హాయిగా తిరిగి ఎదురొస్తుంది. 2, 2.5, 3.5 కొలతలు విడిగా కొనాలి. కోపంగా ఉన్న బూమ్‌స్లాంగ్ మెడ ఉబ్బించుకుని గొట్టంలో దూరదు; తోయకూడదు, రెండో చివర గుడ్డ కప్పి చీకటి చేసి ఆగితే ఊపిరి వదిలేసి తనే వెళ్తుంది. యాక్రిలిక్ గొట్టం తేటగా కనిపిస్తుంది కానీ కింద పడితే పగులుతుంది. పాలీకార్బొనేట్ పగలదు, గీతలు పడి మసకేస్తుంది. ఏదైనా కోసిన అంచుని ఉప్పుకాగితంతో నున్నగా రుద్దుకోవాలి, కొత్తదైనా సరే.

గుడ్డ సంచికి ఒకటిన్నర. పాముకి చీకటి ఇష్టమే, సంచిలో ప్రశాంతంగా ఉంటుంది, అంతవరకు బాగుంది. కానీ గుడ్డలోంచి మాంబా కోర దిగుతుంది, బూమ్‌స్లాంగ్ కోరా దిగుతుంది. మోస్తున్నప్పుడు సంచి కాలికి తగలడం మామూలే. సంచి వాడితే మూట కట్టి గట్టి డబ్బాలో పెట్టాలి, అప్పుడిక డబ్బానే నేరుగా వాడొచ్చు కదా. లోపలివైపు కుట్లుంటే సంచిని తిరగేసి వాడాలి, వేలాడే దారాలు పళ్ళకి చుట్టుకుంటాయి.

దీనికి బదులు మరమూత ఉన్న 20 లీటర్ల బకెట్ ఎన్నో రెట్లు నయం. మూతకి 3 మిల్లీమీటర్ల రంధ్రాలు చెయ్యాలి. లోపలినుంచి బయటికి డ్రిల్ చేస్తే గరుకు అంచు బయటివైపు వస్తుంది, పాము ముక్కు చీరుకోదు. లోపల ఆకులున్న రెమ్మ ఒకటి వేస్తే చెట్టు పాము దాన్ని పట్టుకుని కుదురుకుంటుంది. ఖాళీ బకెట్‌లో పెడితే గోడ వెంట నిలబడి మూత తీసేవరకూ మూతకి ఆనే ఉంటుంది, తియ్యగానే ముందు వచ్చేది తల. మాంబా విషయంలో ఈ తేడాకి అర్థం వేరే చెప్పక్కర్లేదు. మూసిన కారులో ఎండలో బకెట్ వదలొద్దు. పట్టుబడ్డ పాములని చంపే కారణాల్లో వేడి ముందుంటుంది.

కళ్ళజోడుకి నాలుగు. పచ్చ పాములేవీ విషం చిమ్మవు, కానీ అదే తోటలో మొజాంబిక్ స్పిటింగ్ కోబ్రా ఉండొచ్చు, అది చిమ్ముతుంది. పైగా తల ఎత్తి కొమ్మల్లోకి చూస్తూ నడిచేవాడి కంటికి మొదట తగిలేది పుల్లే. పక్కలు మూసినది, ఆవిరి పట్టనిది చూసుకోండి. తోలు చేతి తొడుగులు కిట్‌లో లేకపోవడం మంచిదే. వేళ్ళకి స్పర్శ పోతుంది, ధైర్యం మాత్రం అక్కర్లేనంత పెరుగుతుంది.

ఇప్పుడు సరుకు ఏదీ లేకుండా జరిగే పని. బూమ్‌స్లాంగ్ పగటి పాము. ఊసరవెల్లులు, తొండలు, పక్షి పిల్లలు, గుడ్లు దాని తిండి; గిజిగాళ్ళ గూళ్ళున్న చెట్టు దొరికితే గూడు గూడూ తిరుగుతుంది. దాని ఆచూకీ మొదట చెప్పేది పక్షులే: నాలుగైదు రకాలు ఒకే కొమ్మ చుట్టూ చేరి గొడవ చేస్తుంటే కన్ను అక్కడ పెట్టాలి. ఎత్తైన చెట్టులో ఉన్న బూమ్‌స్లాంగ్‌ని నిచ్చెన వేసి దింపడం పనికిమాలిన సాహసం. పెంపుడు జంతువులని లోపల పెట్టి, చెట్టు కిందికి ఎవరూ వెళ్ళకుండా చూస్తే చాలావరకు ఒకటి రెండు రోజుల్లో తిండి వెతుక్కుంటూ తోట దాటిపోతుంది. గ్రీన్ మాంబా అలా కాదు. అది మాటు వేసే పాము, నచ్చిన చెట్టులో రోజుల తరబడి అక్కడక్కడే ఉంటుంది. ఇంటిని ఆనుకున్న చెట్టులో అయితే "పోతుందిలే" అనడం కుదరదు, శిక్షణ ఉన్నవాళ్ళని పిలవాలి. వాళ్ళు వచ్చేదాకా ఒక మనిషి దూరం నుంచి దాని మీద కన్ను వేసి ఉంచాలి. తిప్పుకుంటే ఆకుల్లో మళ్ళీ దొరకదు.

కిట్‌లో ఇవ్వనిది, ఇవ్వకూడనిది విరుగుడు మందు. కొందరు అదీ ఉండాలని అడుగుతారు. అది 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాల్సిన గుర్రపు సీరం. నరంలోకి ఎక్కించాలి, ఒళ్ళు ఎదురుతిరిగితే వెంటనే ఇవ్వడానికి అడ్రినలిన్ సిద్ధంగా ఉండాలి. ఆసుపత్రి పని అది. తెలుసుకోవాల్సిందల్లా ఏ పాముకి ఏ సీసా అన్నది. జొహానెస్‌బర్గ్‌లోని సౌత్ ఆఫ్రికన్ వ్యాక్సిన్ ప్రొడ్యూసర్స్ చేసిన బహుళ విరుగుడు పది రకాల పాములకి పనిచేస్తుంది. గ్రీన్ మాంబా అందులో ఉంది, బూమ్‌స్లాంగ్ లేదు. బూమ్‌స్లాంగ్‌కి విడిగా దానికొక్కదానికే చేసిన విరుగుడు ఉంది. 10 మిల్లీలీటర్ల ఆంప్యూల్ ఒకటో రెండో చాలావరకు సరిపోతాయి. మాంబాకి బహుళ విరుగుడు అంతకు ఎన్నో రెట్లు కావాలి.

మాంబా విషం నరాల మీద త్వరగా పనిచేస్తుంది, కాటు చోట వాపు కూడా వస్తుంది, ఊపిరి కష్టమవుతుంది. దాన్ని ఎవరూ తేలిగ్గా తీసుకోరు. మోసం చేసేది బూమ్‌స్లాంగే. దాని కోరలు కంటి కిందుగా నోటి లోపలివైపు ఉంటాయి కాబట్టి నమిలితే తప్ప విషం ఎక్కదన్న మాట చాలాకాలం నడిచింది. ఆ నోరు దాదాపు 170 డిగ్రీలు తెరుచుకుంటుంది; చెయ్యి, కాలు ఏదైనా అందుతుంది. విషం రక్తాన్ని గడ్డకట్టించే పదార్థాలని వాడించేసి ఖర్చు చేసేస్తుంది, ఆ తర్వాత రక్తం గడ్డకట్టే శక్తి పోతుంది. ఇది జరగడానికి గంటలు పడుతుంది, ఒక్కోసారి ఒక రోజు దాటుతుంది. ఈలోగా మనిషి బాగానే ఉంటాడు, భోజనం చేస్తాడు, పడుకుంటాడు. తర్వాత తలనొప్పి, వికారం, చిగుళ్ళలోంచి, ముక్కులోంచి నెత్తురు. 1957లో చికాగో ఫీల్డ్ మ్యూజియంలో పాముల శాస్త్రవేత్త కార్ల్ ష్మిట్‌ని కరిచింది పిల్ల బూమ్‌స్లాంగ్. ప్రమాదం లేదనుకుని తన లక్షణాలని తనే రాసుకుంటూ ఇంటికెళ్ళిన ఆయన మర్నాడు చనిపోయాడు. పాముల గురించి ఆయనకి తెలియక కాదు. కాటు పడ్డవాళ్ళకి ఏమీ అనిపించకపోయినా ఆసుపత్రిలోనే ఉంచి రక్తపరీక్ష మళ్ళీ మళ్ళీ చెయ్యడం అందుకే. శుభ్రమైన గాజు గొట్టంలో రక్తం పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచితే గడ్డకట్టిందో లేదో అక్కడికక్కడే తెలుస్తుంది. మంచి సంగతి ఒకటుంది: ఆలస్యంగా ఇచ్చినా ఈ విరుగుడు పనిచేస్తుంది. కాబట్టి "ఇంకేం లాభం" అని వదిలెయ్యకూడదు. తాడు కట్టడం, కొయ్యడం, పీల్చడం వద్దు. దూరం నుంచి తీసిన పాము ఫోటో ఒకటి చాలు, తల కనిపించేలా. బైనాక్యులర్‌కి మొదటి చోటు ఇచ్చిందీ ఇలా దూరం నుంచే గుర్తుపట్టడానికే.

మొత్తం మీద కిట్‌గా కొనక్కర్లేదు. రెండు సన్న కొక్కేలు, చిన్న కొలతల గొట్టాలు, మరమూత బకెట్, కళ్ళజోడు, బైనాక్యులర్ విడివిడిగా తీసుకుని, ఫోమ్ చుట్టిన 1 మీటరు పట్టకారుని మాంబా ఉన్న తీరంలో మాత్రం జోడించుకోవాలి.

వదిలేటప్పుడు దూరం తీసుకెళ్ళొద్దు. దాక్కునే చోట్లూ, తిండి దొరికే చోట్లూ దానికి తెలిసిన చుట్టుపక్కలే, అనుమతి పత్రంలో చెప్పిన పరిధి లోపల వదలాలి. చీకటి పడ్డాక వద్దు, ఇవి పగటి పాములు. బకెట్‌ని చెట్టు మొదట్లో పక్కకి పడుకోబెట్టి, నోరు మాను వైపు ఉంచి, మూత మర ముందే వదులు చేసుకోవాలి. వెనకవైపు నిలబడి కొక్కెంతో మూత పక్కకి లాగి, నాలుగడుగులు వెనక్కి తగ్గండి. బయటికి రాకపోతే బకెట్‌ని తన్నొద్దు, లోపలి రెమ్మని లాగొద్దు. ఎండ బకెట్ మీదికి తిరిగేదాకా ఆగితే తలెత్తి చూసి, మానుని పట్టుకుని పైకి వెళ్ళిపోతుంది.